ఎండలో పెట్టిన గుడ్ల సీసా: ఒక బీట్‌రూట్ ఊరుగుడ్ల కేసు

నేపథ్యం

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, ముఖ్యంగా లాంకస్టర్ కౌంటీ చుట్టుపక్కల, బీట్‌రూట్ రసంలో ఊరబెట్టిన గుడ్లు బాగా వాడుకలో ఉన్న ఇంటి వంట. 18వ శతాబ్దంలో జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలను పెన్సిల్వేనియా డచ్ అంటారు. ఇది వాళ్ళ వంటకం. ఈస్టర్‌కి, పిక్నిక్‌లకి తప్పకుండా కనిపిస్తుంది. గుడ్లు ఉడికించి, పెంకు తీసి, బీట్‌రూట్ రసం, వెనిగర్, కాస్త పంచదార కలిపిన నీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో పెడతారు. ఊరాక కోస్తే అంచు ముదురు గులాబీ రంగులో, మధ్యలో పచ్చసొన మామూలు పసుపులో ఉంటుంది. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది కాబట్టి మనవాళ్ళు కూడా ఒకసారి తిన్నాక ఇంట్లో చేసుకోవాలనుకుంటారు.

ఇంట్లో నిల్వ పదార్థాలు చేసుకునేవాళ్ళకు ఆహార భద్రత గురించి చెప్పడం నా పని. ఈ కేసులోని ఆవిడ కోస్తా జిల్లాల నుంచి వచ్చి చాలా కాలంగా ఇక్కడే ఉంటున్నారు. ఆవకాయ, మాగాయ, నిమ్మకాయ, గోంగూర పెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. వంటలో ఏం జరిగిందో మాత్రం మార్చలేదు.

ఈ కేసు రాయడానికి కారణం ఉంది. ఆవిడ అజాగ్రత్తగా ఏదీ చెయ్యలేదు. ఊరగాయ పెట్టేటప్పుడు మన పెద్దవాళ్ళు నేర్పిన జాగ్రత్తలన్నీ పాటించారు. ఆ జాగ్రత్తలే ఇక్కడ ప్రమాదం తెచ్చాయి.

ఆవిడ తెచ్చిన సమస్య

పక్కింటివాళ్ళు ఈస్టర్‌కి పెట్టిన గుడ్లు ఆవిడకి నచ్చాయి కానీ చప్పగా అనిపించాయి. "రంగు బాగుందండీ, రుచే లేదు" అన్నారు. దాన్ని మన పద్ధతిలోకి మార్చారు. గుడ్లు బాగా ఉడికించి, గుడ్ల పులుసులో వేసే ముందు పెట్టినట్టే చాకుతో నిలువుగా గాట్లు పెట్టారు. బీట్‌రూట్ రసం, వెనిగర్, ఉప్పు, కారం, ఆవపిండి కలిపారు. నువ్వుల నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు వేసి పైన పోశారు. నూనె పైకి తేలి గుడ్లను కప్పేసింది. సీసాకి ఇనుప మూత బిగించి, ఎండ తగిలే కిటికీ గట్టు మీద వారం రోజులు ఉంచారు.

నా దగ్గరకి వచ్చింది మాత్రం వెల్లుల్లి గురించి. రెబ్బలు నీలంగా మారిపోయాయి, విషం పట్టిందేమో అని భయం. దాంతోపాటు నీళ్ళు గోధుమ రంగుకి తిరిగాయి, గుడ్లు రబ్బరులా సాగుతున్నాయి, పచ్చసొన చుట్టూ బూడిదాకుపచ్చ వలయం ఉంది. తెలుగు సంఘం వాళ్ళ వారాంతపు స్టాల్‌లో అమ్మాలన్న ఆలోచన కూడా ఉంది. అందుకని ఫొటోలు పంపి, రంగు ఎలా నిలబెట్టాలో చెప్పమన్నారు.

మొదటి నిర్ణయం: రంగు సంగతి తర్వాత

వెల్లుల్లిలోని గంధకం ఉన్న పదార్థాలు పులుపులో ఒక్కోసారి నీలం, ఆకుపచ్చ రంగులకి తిరుగుతాయి. హాని లేదు. పచ్చసొన చుట్టూ ఉన్న వలయం ఎక్కువసేపు ఉడికించడం వల్ల వచ్చింది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిస్తే అలా అవుతుంది. దానికీ హాని లేదు. బీట్‌రూట్ ఎరుపుని బీటానిన్ అంటారు. అది వేడికి, వెలుతురికి తట్టుకోదు, అందుకే ఎండలో గోధుమ రంగు వచ్చింది.

ఆవిడ అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు అవే. కానీ నేను వాటితో మొదలుపెట్టలేదు. "ఎవరైనా తిన్నారా?" అని అడిగాను. ఆవిడే రుచి చూడ్డానికి ఒక ముక్క కొరికి, రబ్బరులా ఉందని ఉమ్మేశారట. ఇంకెవరూ ముట్టుకోలేదు.

అలా ఎందుకు అడిగానంటే, ఆవిడ సీసా వర్ణన వింటుంటే నాకు 1997 నవంబర్ నాటి ఇల్లినాయ్ కేసు గుర్తొచ్చింది. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2000లో ప్రచురించిన కేసు అది. 68 ఏళ్ళ ఆరోగ్యవంతుడు ఇంట్లో ఊరబెట్టిన గుడ్లు తిన్నాడు. వాంతులు, కడుపునొప్పితో మొదలై, తర్వాత చూపు రెండుగా కనబడటం, మాట తడబడటం, చివరికి ఊపిరి అందక వెంటిలేటర్ దాకా వెళ్ళింది. చాలా కాలం చికిత్స తర్వాత కోలుకున్నాడు. జబ్బు బోట్యులిజం, అంటే ఒక సూక్ష్మజీవి విషం నరాలని పట్టుకోవడం వల్ల వచ్చేది. ఆ గుడ్లు ఎలా చేశారో చూడండి: ఉడికించి, టూత్‌పిక్‌తో పొడిచి, బీట్‌రూట్, మిరపకాయలు, వెనిగర్‌తో గాజు సీసాలో వేసి, ఇనుప మూత బిగించి, బయటే ఉంచారు. అప్పుడప్పుడు ఎండ తగిలింది. వారానికి తిన్నారు. టూత్‌పిక్ బదులు చాకు, అంతే తేడా.

అందులో నాకు అన్నిటికన్నా పనికొచ్చే సంగతి పులుపు కొలతలు. పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. సీసాలోని నీళ్ళ పీహెచ్ 3.5. అంటే బోట్యులిజం సూక్ష్మజీవి పెరగలేనంత పులుపు. పీహెచ్ 4.6 కన్నా తక్కువైతే అది పెరగదు. పచ్చసొన పీహెచ్ మాత్రం ఆ కేసులో కొలవలేదు, మామూలుగా అది 6.8 అని రాశారు. కానీ పులుపు లోపలికి సరిగ్గా చేరలేదనే అనుకోవాలి. ఎందుకంటే విషం నీళ్ళలో కన్నా పచ్చసొనలో వెయ్యి రెట్లు ఎక్కువ ఉంది.

కాబట్టి ఆవిడకి ముందుగా చెప్పింది ఇది. చూపు రెండుగా కనబడినా, కనురెప్పలు వాలిపోతున్నా, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఆలస్యం చెయ్యకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, ఏం నోట్లో పెట్టుకున్నారో అక్కడ చెప్పాలి. లక్షణాలు సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో మొదలవుతాయి, కొందరిలో ఇంకా చాలా రోజులు పట్టొచ్చు. అదృష్టవశాత్తు ఆవిడకి ఏమీ కాలేదు.

తర్వాత, సీసా పారెయ్యడం. ఇక్కడ కొంచెం వాదన జరిగింది. ఇంట్లో పెద్దావిడ, అంటే వాళ్ళ అత్తగారు, "అన్ని గుడ్లు పారబోస్తారా, మళ్ళీ మరిగించి పులుసు పెట్టుకుంటే పోదూ" అన్నారు. ఆ మాటలో తర్కం లేకపోలేదు, ఆ విషం బాగా మరిగిస్తే చెడిపోతుంది. అయినా నేను వద్దన్నాను. గుడ్డు మధ్యదాకా సరిపడా వేడి సరిపడా సేపు తగిలిందో లేదో వంటింట్లో తేల్చుకోలేం. గుడ్లు తీసేటప్పుడు చేతులకి, గరిటెకి, గట్టుకి అంటుకున్నది మరగదు. వాసన చూసో, రుచి చూసో తేల్చుకునే విషం కాదిది. మూత తియ్యకుండానే సీసాని ప్లాస్టిక్ సంచీలో మూటగట్టి, ఇంకో సంచీలో పెట్టి చెత్తలో వెయ్యమన్నాను. అంతకుముందు ఒలికిన చోటంతా బ్లీచ్ నీళ్ళతో తుడిపించాను.

"ఆవకాయ ఏడాది బయటే ఉంటుంది కదండీ"

ఆవిడ అడిగిన అసలు ప్రశ్న ఇది. దీనికి సరిగ్గా జవాబు చెప్పకపోతే, నేను వెళ్ళాక మళ్ళీ సీసా కిటికీలోకే వెళ్తుంది. అందుకని దీని మీద ఎక్కువసేపు కూర్చున్నాం.

ఆవకాయలో కాయ పుల్లనిది. పులుపు బయట నుంచి వెళ్ళక్కర్లేదు, ముక్కలోనే పుట్టుకతో ఉంది. పైగా ఉప్పు దండిగా పడుతుంది, ఆవపిండి, కారం తేమని పీల్చుకుంటాయి. ముక్క తుడిచి ఆరబెడతాం, తడి చెయ్యి తగలనివ్వం. అలాంటి చోట నూనె పైన తేలితే బూజు పట్టకుండా కాపాడుతుంది. నిమ్మకాయని ఎండలో పెడితే మెత్తబడుతుంది, తేమ తగ్గుతుంది. ప్రతి పనికీ ఒక అర్థం ఉంది.

గుడ్డులో ఇవేవీ లేవు. నాలుగింట మూడొంతులు నీళ్ళు. పులుపు అసలే లేదు సరికదా, తెల్లసొన క్షారం. అప్పుడే పెట్టిన గుడ్డులో దాని పీహెచ్ 7.6 దగ్గర ఉంటుంది. నిల్వ ఉన్నకొద్దీ లోపలి కార్బన్ డయాక్సైడ్ పెంకు గుండా బయటకి పోయి 9 దాటుతుంది. పచ్చసొన దాకా చేరాలంటే వెనిగర్ ముందు ఈ క్షారాన్ని విరగ్గొట్టాలి. దానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ గుడ్డు మధ్యభాగం తేమతో, మాంసకృత్తులతో, పులుపు లేకుండా, గాలి చొరబడకుండా ఉంటుంది. బోట్యులిజం సూక్ష్మజీవి బీజాలకి (స్పోర్లకి) సరిగ్గా అలాంటి చోటే కావాలి. మట్టిలో ఉండే ఆ బీజాలు మామూలుగా ఉడికిస్తే చావవు. బీట్‌రూట్, వెల్లుల్లి రెండూ మట్టిలో పండేవే. గాటు పెడితే బీజాలు తిన్నగా లోపలికి దారి పట్టినట్టే. నూనె పోస్తే గాలికి ఇంకో మూత వేసినట్టే. ఎండలో పెడితే వాటికి నచ్చిన వెచ్చదనం ఇచ్చినట్టే.

ఇది చెప్పాక ఆవిడ కాసేపు ఆలోచించి, "అంటే పులుపు లోపలికి చేరేదాకా దాన్ని చల్లగా పట్టి ఉంచాలన్నమాట" అన్నారు. సరిగ్గా అంతే. తర్వాతి నిర్ణయాలన్నీ ఈ ఒక్క మాట నుంచే వచ్చాయి. ఒక సవరణ మాత్రం చేశాను: పులుపు చేరాక కూడా ఫ్రిజ్‌లోంచి తియ్యకూడదు. ఇంటి వంటలో ఏ గుడ్డుకి ఎంత చేరిందో కొలిచి చూసేవాళ్ళు ఉండరు.

చేసి చూసినవి, పనికిరానివి

ఆవిడ మొదట ఒప్పుకున్నది గాట్లు మానెయ్యడం వరకే. ఫ్రిజ్ అనేసరికి మనసొప్పలేదు. వెనిగర్ రెట్టింపు చేస్తే బయట ఉంచొచ్చు కదా అన్నారు. మాటలతో ఒప్పించే కన్నా కొలిచి చూపించడం మేలనిపించింది. తినడానికి కాదని ముందే చెప్పి, ఒక చిన్న సీసా కొలత కోసమే పెట్టించాను.

కొలవడంలో ఒక చిక్కు ఉంది. రంగు మారే పీహెచ్ కాగితాలు బీట్‌రూట్ దగ్గర పనికిరావు. ఏది ముంచినా ఎర్రగానే వస్తుంది. కాబట్టి మీటర్ కావాలి, దాన్ని ప్రతిసారీ సరిచూసుకోవాలి. పచ్చసొనని విడిగా తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా కలిపి కొలవాలి. నూనె అంటితే మీటర్ తప్పు చూపిస్తుంది. మూడో రోజున నీళ్ళు 4 కన్నా బాగా కిందే ఉన్నాయి, పచ్చసొన మాత్రం ఇంకా 6కి పైనే ఉంది. ఆ రెండు అంకెలూ ఆవిడే తన కళ్ళతో చదివారు. ఆ తర్వాత బయట ఉంచే మాట ఎత్తలేదు. పైగా రెట్టింపు వెనిగర్‌తో గుడ్డు బయటి భాగం ఇంకా గట్టిపడిపోయింది, వాసనకే ముక్కు మండింది.

తర్వాత ఆవిడ అడిగింది, సీసాలని మరిగే నీళ్ళలో పెట్టి సీలు చేస్తే ఎలా ఉంటుందని. బీట్‌రూట్ ముక్కలకైతే పరీక్షించిన పద్ధతి ఉంది. 5 శాతం వెనిగర్‌తో చేసిన బీట్‌రూట్ పచ్చడి సీసాలని, సముద్రమట్టానికి 1000 అడుగుల లోపు ఊళ్ళలో, 30 నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచితే అల్మరాలో పెట్టుకోవచ్చు. గుడ్లకి అలాంటి పద్ధతే లేదు. జార్జియా యూనివర్సిటీలోని నేషనల్ సెంటర్ ఫర్ హోమ్ ఫుడ్ ప్రిజర్వేషన్ వాళ్ళు ఊరుగుడ్లన్నీ ఫ్రిజ్‌కే అని స్పష్టంగా చెబుతారు. మన మూడు విజిల్స్ కుక్కర్‌లో పెట్టొచ్చా అని కూడా అడిగారు. కూడదు. నిల్వ సీసాలకి వాడే ప్రెజర్ క్యానర్ వేరు, అది పెద్దది. వేడెక్కడానికి, చల్లారడానికి పట్టే సమయం కూడా దాని లెక్కలో భాగమే. అయినా అందులో పెట్టడానికి కూడా గుడ్లకి పరీక్షించిన సమయం ఏదీ లేదు.

పోపు విషయంలో బాగా పెనుగులాట జరిగింది. ఫ్రిజ్‌లోనే పెడుతున్నాం కదా, పైన నూనె ఉంటే ఏం అన్నది ఆవిడ వాదన. ఒకసారి అలాగే చేసి చూశారు. చల్లదనానికి నూనె చిక్కబడి గుడ్లకి పట్టుకుంది, రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కింది. రుచి కూడా నచ్చలేదు. అది చూసి ఆవిడే వదిలేశారు. నాకున్న అభ్యంతరం వేరు: నూనెలో చిక్కుకున్న వెల్లుల్లికి వెనిగర్ తగలదు. నూనెలో వెల్లుల్లి అన్నది దానికదే బోట్యులిజం చరిత్ర ఉన్న పదార్థం.

చింతపండు ప్రస్తావన కూడా వచ్చింది. చింతపండు పులుపు పండుని బట్టి, ఎంత నీళ్ళలో పిసికాం అన్నదాన్ని బట్టి మారిపోతుంది. రసం పోసిన కొద్దీ వెనిగర్ పలచబడుతుంది కూడా. నిల్వకి మాత్రం సీసా మీద 5 శాతం అని రాసి ఉన్న వెనిగరే వాడాలన్నాను. ఇండియాలో ఇది చేసుకునేవాళ్ళు ఇక్కడ ఆగి లేబుల్ చూసుకోవాలి. అక్కడ 4 శాతం వెనిగర్ కూడా మామూలుగా దొరుకుతుంది. ఇక్కడి కొలతలు దానికి సరిపోవు.

చివరికి నిలిచిన పద్ధతి

మధ్యస్థం సైజు గుడ్లు తీసుకున్నారు. పెద్దవాటికి పులుపు చేరడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మరీ తాజావి కాకుండా వారం పది రోజులు ఫ్రిజ్‌లో ఉన్నవైతే పెంకు సులువుగా వస్తుంది. అదే క్షారం ఇక్కడ మేలు చేస్తుంది. నీళ్ళలో మరిగించే బదులు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, వెంటనే ఐసు నీళ్ళలో వేశారు. రబ్బరుతనం, ఆకుపచ్చ వలయం రెండూ ఇక్కడే పోయాయి. పెంకు తీసేటప్పుడు చిరిగిన గుడ్లు సీసాలోకి వెళ్ళవు, ఆ పూటే కూరలోకి వెళ్తాయి. ఇది నా నియమం కాదు, ఆవిడ పెట్టుకున్నదే. మంచి నియమం.

బీట్‌రూట్‌ని తోక, పైన అంగుళం కాడ ఉంచి, బాగా కడిగి ఉడికిస్తే రంగు నీళ్ళలోకి కారిపోదు. తొక్క తర్వాత తీసెయ్యొచ్చు. కొలత మాత్రం పైన చెప్పిన సెంటర్ వాళ్ళది మార్చకుండా తీసుకున్నాం: డబ్బా బీట్‌రూట్ రసం ఒక కప్పు, యాపిల్ సైడర్ వెనిగర్ ఒకటిన్నర కప్పు, బ్రౌన్ షుగర్ ఒక టీస్పూన్, కొన్ని బీట్‌రూట్ ముక్కలు. రసం డబ్బాలోదే వాడారు, ఉడికించిన బీట్‌రూట్ ముక్కలు వేశారు. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం వెయ్యనిచ్చాను, అంత కొంచెం తీపి రుచికే తప్ప నిల్వకి కాదు. వెనిగర్ తగ్గించడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఎండుమిర్చి, ఆవాలు, మిరియాలు పొడి చెయ్యకుండా వెనిగర్‌లోనే మరిగించారు. పొడులు వేస్తే నీళ్ళు మడ్డిగా అవుతాయి, అప్పుడు చెడిపోయినా కనబడదు.

మరిగిన నీళ్ళు గుడ్లు పూర్తిగా మునిగేలా పోసి, ప్లాస్టిక్ మూత పెట్టి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల సెల్సియస్ లోపు. ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టించాను. చాలా ఇళ్ళలో తలుపు అర దగ్గర అంత చల్లగా ఉండదు, ఈ ఇంట్లోనూ లేదు. సీసా లోపలి అరలోకి మారింది. మధ్యస్థం గుడ్లకి రెండు నుంచి నాలుగు వారాలు ఊరనిచ్చి, మూడు నాలుగు నెలల్లోపు తినెయ్యాలి. వడ్డనకి తీసినవి బయట రెండు గంటలు దాటకూడదు.

పోపు పోలేదు, చోటు మారింది. గుడ్డు సగానికి కోసి ప్లేట్లో పెట్టాక, పైన వేడి వేడిగా ఆవాలు, వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ పోపు. చింతపండు ఇష్టమైనవాళ్ళకి పక్కన చిక్కటి చింతపండు చట్నీ. ఈ ఆలోచన ఆవిడదే. మొదట నుంచీ ఆవిడకి కావాల్సిన ఘాటు ఇదే. దాన్ని సీసాలో వెతుక్కున్నారు, ప్లేట్లో దొరికింది. పక్కింటివాళ్ళు కూడా పోపు వేసినవే అడుగుతున్నారట.

మధ్యలో ఒకరోజు రాత్రి ఫోన్. మళ్ళీ టెన్షన్. ఇంట్లో ఒకాయనకి మూత్రం ఎర్రగా వచ్చింది. బీట్‌రూట్ బాగా తిన్నవాళ్ళలో కొందరికి అలా వస్తుంది, ఆ రంగే బయటకి పోతుంది. బీట్‌రూట్ మానేసి రెండు రోజులు చూడమన్నాను. తగ్గకపోతే డాక్టర్ దగ్గరకి వెళ్ళాలని కూడా చెప్పాను. తగ్గింది.

ఇతరులకి పనికొచ్చే సంగతులు

ఈ పనిలో ఉన్న తోటివాళ్ళకి ఒక్కటి చెప్పాలి. మనవాళ్ళ వంటింట్లో "అలా చెయ్యకూడదు" అన్న మాట పనిచెయ్యదు, ఎందుకంటే వాళ్ళ చేతిలో పని జరిగిన అనుభవం ఉంటుంది. ఆవకాయలో ఏ పని ఎందుకు చేస్తామో ముందు ఒప్పుకుని, అదే పని గుడ్డులో ఎందుకు తిరగబడుతుందో చూపిస్తే వింటారు. నియమాల కాగితం ఒకటి చేతిలో పెట్టి వచ్చేసి ఉంటే, ఈ సీసా తప్పకుండా మళ్ళీ కిటికీలోకి వెళ్ళేది.

ఇంకోటి, ఎవరైనా ఊరుగుడ్ల గురించి ఏ చిన్న ప్రశ్న అడిగినా, ఎక్కడ ఉంచారు, గుడ్డుకి గాటు పెట్టారా, ఎవరైనా తిన్నారా, ఈ మూడూ అడిగాకే జవాబు చెబుతాను. వాళ్ళు రంగు గురించి అడుగుతారు. బోట్యులిజం విషానికి రంగూ వాసనా ఉండవు.

అమ్మకం సంగతి కుదరలేదు. పెన్సిల్వేనియాలో ఇంటి నుంచి ఆహారం అమ్మడానికి వ్యవసాయ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. కానీ అది బయట నిల్వ ఉండే పదార్థాలకే, ఫ్రిజ్‌లో ఉంచాల్సినవి ఇంటి వంటగదిలో చేసి అమ్మడానికి లేదు. ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. స్టాల్‌కి కరివేపాకు పొడి, నల్లకారం పెట్టాలని ఇప్పుడు ఆలోచిస్తున్నారు. గుడ్లు ఇంటికీ, ఐసు పెట్టె సర్దుకుని వెళ్ళే పిక్నిక్‌లకీ మాత్రమే.

ఊరిన నీళ్ళలో మళ్ళీ కొత్త గుడ్లు వెయ్యొచ్చా అని కిందటి వారం అడిగారు. వద్దన్నాను. మొదటి విడత గుడ్లు ఆ పులుపులో కొంత తాగేసి ఉంటాయి, మిగిలింది ఎంతో కొలవకుండా తెలీదు. ఉల్లిపాయ ముక్కలు అందులో వేసి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినెయ్యమన్నాను. కౌజు పిట్ట గుడ్లతో చేస్తే త్వరగా ఊరుతాయా అన్నది ఆవిడ తాజా ప్రశ్న. చిన్నవి కాబట్టి త్వరగానే ఊరాలి. కొలిచి చూద్దాం అని మీటర్ సిద్ధంగా పెట్టాం.